చెంప ఆనించి చూసిన బొంత

కుట్టుపని మనసుకి హాయినిస్తుందని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. నా వీడియోల కింద ఇలాంటి మాటలు రోజూ వస్తూనే ఉంటాయి. మీరు బొంత కుడుతుంటే చూస్తూ నిద్రపోతానండీ ఆంటీ అని ఒకమ్మాయి రాసింది. నిద్రపోయే మనిషి నేర్చుకునేదేమిటో నాకు అర్థం కాలేదు. తాడేపల్లిగూడెంలో మా ఇంటి ముందుగదిలో, కిటికీ పక్కన ఫోను నిలబెట్టుకుని, పసిపిల్లల బొంతలు, దిండు గలీబులు, పెళ్ళిళ్ళలో పంచే గుడ్డసంచులు ఎలా కుట్టాలో చూపిస్తుంటాను. బాగా కుదిరినవే కాదు, చెడిపోయినవీ చూపిస్తాను. వంకరపోయిన వరస మొత్తం విప్పి, మళ్ళీ కుట్టి, అది కూడా నచ్చక మళ్ళీ విప్పి, విసుక్కుని, ఆ విసుగు కూడా కత్తిరించకుండా పెడతాను. అసలు ఈ పనిలో హాయి ఎక్కడుంది? కత్తిరించడం, చింపడం, పొడవడం, లాగి బిగించడం, పళ్ళతో కొరకడం. నేను దీన్ని దెబ్బలు తిని నేర్చుకున్నాను. నేర్పిన మనిషి పక్కన సూదుల డబ్బాతో పాటు ఈనెపుల్లల కట్ట కూడా ఉండేది.

బొంత పూర్తయ్యాక నేను దాని మీద చెంప ఆనించి, ఈ చివర నుంచి ఆ చివరదాకా నెమ్మదిగా జరుపుకుంటూ వెళతాను. వీడియోలో అది చూసి చాలామంది నవ్వుకున్నారు. ముద్దుపెట్టుకుంటున్నానని కొందరు అనుకున్నారు. సూదులు మిగిలిపోయాయేమో చూడడానికైతే అయస్కాంతం కొనుక్కోవచ్చు కదా అని ఒకాయన సలహా ఇచ్చాడు. అయస్కాంతం నా దగ్గరా ఉంది. అయినా చెంప ఆనించి చూడకుండా ఏ బొంతా నా గడప దాటదు. ఎందుకని అడిగిన వాళ్ళకి ఇన్నేళ్ళూ కసురుకుని సమాధానం చెప్పాను తప్ప అసలు సంగతి చెప్పలేదు. మొన్న ఏడుకొండలు వచ్చి వెళ్ళాడు కాబట్టి ఇప్పుడు చెప్పక తప్పడం లేదు.

ఏడుకొండలుది మా ఊరే. కొల్లేటి లంకల్లో ఒకటి. నేను ఆ ఊరు వదిలేసి ఎంతో కాలమైంది. చేపల మేత సంచిలో ఏదో చుట్టుకుని, చెప్పులు మెట్ల కింద విడిచి, లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. జుట్టు నెరుస్తోంది, భుజాలు మాత్రం వల లాగే మనిషి భుజాలు. పేరు చెప్పాడు, తండ్రి పేరు చెప్పాడు. తండ్రి పేరు వినగానే నా చేతిలో కత్తెర బిగుసుకుంది. అది అతను చూశాడనుకుంటాను, తల వంచుకున్నాడు.

“మా నాన్న చేసింది నాకు తెలుసండి. ఆయనా పోయాడు, మా అమ్మా పోయింది. ఇది మీ ఇంటి నుంచే నాకొచ్చిందంటండి. మా అమ్మ పెట్టెలో దాచింది. మా అమ్మాయికి మొన్న ఆడపిల్ల పుట్టిందండి. ఆ పిల్లకి దీన్నే వెయ్యాలని మా ఇంట్లో పట్టు. బాగా చిరిగిపోయింది, మీరైతే బాగుచేస్తారని వచ్చానండి,” అన్నాడు.

సంచిలోంచి తీసి పరిచాడు. చూడగానే పోల్చుకున్నాను. వంగపండు రంగు చీర ముక్క, పసుపు వెలిసిపోయిన ముక్క, మధ్యలో బాబాయి గళ్ళ లుంగీ ముక్క, ఒక మూల దగ్గర తెల్లచీర మాసిక. వెనకగదిలో మంచం మీద మా పిన్ని వెంకాయమ్మ పడుకుని ఉంది. బాబాయి పోయాక ఆవిడ నా దగ్గరే ఉంటోంది. పిల్లల్లేరు. కళ్ళు సరిగా ఆనవు, చెవులు మాత్రం పాము చెవులు. ఎవరే వచ్చింది అని అడిగింది. ఎవరో బొంత బాగుచేయించుకోవడానికి వచ్చారులే అని చెప్పి, వారం ఆగి రమ్మని ఏడుకొండల్ని పంపించేశాను.

మా లంకలో వానాకాలం వస్తే ఇంటికీ ఇంటికీ మధ్య దోనెల్లో తిరిగేవాళ్ళం. ఇంటి చుట్టూ బురద వాసన, చూరు కింద ఎండుచేపల వాసన, వంటింట్లో కిరోసిన్ వాసన, వీటన్నిటి మీదా మా మామ్మ చుట్ట వాసన. మామ్మ అంటే మా నాన్నకీ బాబాయికీ తల్లి. రవిక వేసుకునేది కాదు. ముతక తెల్లచీర బిగించి కట్టి, కాళ్ళు బారజాపి అరుగు మీద కూర్చునేది. లంకలో ఎవరింట పురుడొచ్చినా బొంత మా ఇంటి నుంచి వెళ్ళాలి. అడిగినా అడగకపోయినా, ఆ ఇంటితో మాటలున్నా లేకపోయినా వెళ్ళాలి. దానికి రెండు నియమాలు. పసివాడి ఒంటికి కొత్త బట్ట తగలకూడదు, కట్టి కట్టి మెత్తబడిన పాత బట్టే కావాలి. బిడ్డ భూమ్మీద పడకముందు సూది ముట్టకూడదు. అందుకని కడుపుతో ఉన్న ఆడవాళ్ళు తమ పాతచీరల్ని ఉతికి, గంజి పోయేదాకా చవుడు నీళ్ళలో ఉడికించి, మడతపెట్టి పెట్టెలో దాచుకునేవాళ్ళు. పురుడైన రోజే వాటికి కత్తెర పడేది.

మామ్మ నేర్పడంలో దయాదాక్షిణ్యాలుండేవి కావు. సూది పట్టుకున్న మొదటిరోజే అది నా బొటనవేలి గోరు కిందికి దిగింది. నేను ఏడ్చాను. వీపు మీద ఒక్కటి చరిచింది, వేలికి గుచ్చుకున్నందుకు కాదు, బట్టకి రక్తం అంటుతుందని. అంటితే వెంటనే చన్నీళ్ళు అద్దాలని, వేణ్ణీళ్ళు తగిలితే మరక చచ్చినా వదలదని అప్పుడే చెప్పింది. దారం పొడుగ్గా తీస్తే పళ్ళతో కొరికి పారేసేది. కుట్లు ఒకటి పొడుగు ఒకటి పొట్టి పడితే వరస మొత్తం బర్రున లాగేసి, వేళ్ళ కణుపుల మీద ఈనెపుల్లతో కొట్టేది. కొట్టాక తనే కుట్టి చూపించేది, అదీ ఒక్కసారే. ఇప్పుడు నా వీడియోలో అమ్మాయిలు అర్థం కాకపోతే వెనక్కి తిప్పుకుని ఎన్నిసార్లైనా చూసుకుంటారు. మాకు వెనక్కి తిప్పుకునే వీలు లేదు, కళ్ళు పెట్టుకుని చూడాలి, లేకపోతే దెబ్బ. మామ్మని నేను భయంతో ద్వేషించాను. పని మాత్రం ఆవిడ దగ్గర నేర్చుకున్నదే ఇవాళ్టికీ చేస్తున్నాను.

సూదుల విషయంలో మరీ రాక్షసి. సూది విరిగితే రెండు ముక్కలూ తెచ్చి అరచేతిలో పెట్టి చూపిస్తేనే కొత్తది ఇచ్చేది. ముక్క దొరకలేదంటే పని ఆపించి, ఇంటిల్లిపాదినీ నేల మీద మోకాళ్ళతో పాకించి వెతికించేది. అన్నీ అయ్యాక బొంతని ఎండలో అరుగు మీద పరిచి, ముందు అరచేత్తో, తర్వాత ముంజేతి లోపలి వైపుతో తడిమి, చివరికి చెంప ఆనించి అంగుళం అంగుళం చూసేది. అప్పటికీ తృప్తి లేకపోతే వట్టి వీపుతో దాని మీద పడుకుని దొర్లేది. అరచెయ్యి బండదనీ దానికేమీ తెలియదనీ, పసివాడికి ఏది గుచ్చుకుంటుందో మన చెంపకే తెలుస్తుందనీ అనేది.

మా చెరువు గట్టుకీ ఏడుకొండలు వాళ్ళ గట్టుకీ మధ్య ఒక పాయ ఉండేది. దానిలో నీళ్ళు ఎవరి వైపు మళ్ళాలన్నదే తగువు. అది నేను పుట్టకముందు నుంచీ ఉంది. ఆడవాళ్ళు రేవులో బిందెలు విసురుకునేవాళ్ళు, పిల్లలం బురదముద్దలు విసురుకునేవాళ్ళం. ఒకరోజు పొద్దున్నే వాళ్ళు మా గట్టుకి గండి కొట్టారు. చెరువులో చేపపిల్లలు నీళ్ళతో పాటు పాయలోకి కొట్టుకుపోతున్నాయి. బాబాయి పార పట్టుకుని పరిగెత్తాడు. వెనకాల పిన్ని పరిగెత్తింది, అప్పటికి ఆవిడ నిండుగా కడుపుతో ఉంది. వద్దన్నా వినకుండా నేనూ పరిగెత్తాను. గట్టు మీద బూతులు, కర్రల చప్పుడు. ఏడుకొండలు వాళ్ళ నాన్న మచ్చుకత్తి ఎత్తడం చూశాను. బాబాయి చెయ్యి అడ్డం పెట్టడం చూశాను. మణికట్టు దగ్గర తెగి, తోలు పట్టుకుని చెయ్యి వేలాడింది. బాబాయి దాన్ని రెండో చేత్తో పట్టుకుని, ఇది ఎవరిదన్నట్టు చూస్తూ నిలబడ్డాడు. పిన్ని మధ్యలోకి దూరింది. దోనె తోసే గెడ ఒకటి గాలిలో తిరిగి ఆవిడ పొట్ట మీద పడింది. కావాలని కొట్టారో, గుంపులో తగిలిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ చప్పుడు మాత్రం మరిచిపోలేదు.

మామ్మ వచ్చింది. ఏడవలేదు. కట్టుకున్న చీర కొంగు పళ్ళతో కొరికి నిలువునా చింపి బాబాయి చేతికి బిగించి కట్టింది. ఆయన్ని దోనెలో ఒడ్డుకి చేర్చి ఏలూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. చెయ్యి తీసేశారు. ఇక్కడ ఇంట్లో, ఆ సాయంత్రమే, పిన్నికి పురుడు కాని పురుడు వచ్చింది. మగబిడ్డ. ఊపిరి లేదు. పిన్ని ఆ తర్వాత చాలా కాలం ఎవరితోనూ మాట్లాడలేదు. బాబాయి ఎడంచేత్తో అన్నం కలుపుకోవడం నేర్చుకుంటుంటే గోడవైపు తిరిగి కూర్చునేది. పెద్దమనుషులు రాజీ చేశారు. రాజీ అంటే కేసు లేకుండా పోయింది, అంతే.

ఆ ఎండాకాలం ఏడుకొండలు పుట్టాడు. ఎవడు మా బాబాయి చెయ్యి నరికాడో వాడికి కొడుకు పుట్టాడని రేవులో విని, ఆ పిల్లాడు చచ్చిపోవాలని నేను మనసారా కోరుకున్నాను. ఇంటికొచ్చేసరికి మామ్మ పిన్ని పెట్టె తెరిచి, పిన్ని తన బిడ్డ కోసం ఉడికించి మడతపెట్టుకున్న గుడ్డలు బయటికి తీస్తోంది. వంగపండు చీర, పసుపుచీర, బాబాయి లుంగీ. మా నాన్న అడ్డుపడ్డాడు. ఆ ఇంటికి బొంతేమిటి, నీకు మతిపోయిందా అన్నాడు. పోతే పోయింది, వాడు పెద్దయి మన గట్టు మీదికి కత్తి పట్టుకొస్తే రానీ, ముందు నా బొంత మీద ఉచ్చ పోయనీ అంది మామ్మ.

పిన్ని లేచి వచ్చింది. అన్నాళ్ళకి నోరు తెరిచింది.

“ఆ గుడ్డలు నా బిడ్డవి అత్తయ్యా.”

“నీ బిడ్డ లేడు. గుడ్డలున్నాయి. పసివాడికని తీసిన గుడ్డ పసివాడి కిందకే పోవాలి. పెట్టెలో మగ్గితే చీడ,” అంది మామ్మ, కత్తెర ఆవిడ చేతికిస్తూ.

అంత కఠినమైన మాట నేను మళ్ళీ ఎవరి నోటా వినలేదు. మామ్మ చేసిన పెద్ద తప్పు అదేనని ఇవాళ్టికీ అంటాను. కొడుకు చెయ్యి పోయినా ఆవిడ నియమం నియమమే. కోడలి కడుపు మండుతోందన్నది ఆవిడకి కనపడలేదో, కనపడినా లెక్కచెయ్యలేదో. పిన్ని మాత్రం కత్తెర తీసుకుంది. కత్తిరించింది. ముగ్గురం మూడు వైపుల కూర్చుని కుట్టాం. పిన్ని పని చూస్తే ముచ్చటేసేది, కుట్లన్నీ ఒకే కొలత. మధ్యాహ్నం ఆవిడ సూది విరిగింది. కన్నమున్న ముక్క తెచ్చి మామ్మ అరచేతిలో పెట్టింది. మొన ఏదే అని మామ్మ అడిగింది. అరుగు కింద గడ్డిలో పడిపోయిందత్తయ్యా అంది పిన్ని. మేమంతా మోకాళ్ళ మీద పాకాల్సిందేనని నేను లేవబోయాను. మామ్మ పిన్ని మొహంలోకి కాసేపు చూసింది. ఏమీ అనకుండా ముక్కని డబ్బాలో వేసి, ఇంకో సూది ఇచ్చింది. మామ్మకి ముసలితనం వచ్చేసిందనుకున్నాను.

మర్నాడు ఎండ మండిపోతుండగా బొంత పరిచింది. అరచేత్తో తడిమింది. ముంజేత్తో తడిమింది. తర్వాత వంగి చెంప ఆనించింది. పసివాడి తల ఆనే చోటికి వచ్చేసరికి ఆగింది. అక్కడ ఇంకా గట్టిగా అదిమింది. లేచేసరికి చెంపలో సూది మొన దిగబడి ఉంది. రక్తం దవడ మీదుగా కారి బొంత మీద పడింది. మామ్మ మొనని రెండు వేళ్ళతో పట్టుకుని పీకి, చూసి, పిన్నిని పిలిచింది. పిన్ని వచ్చి చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. మామ్మ వెళ్ళి ఆవిడ జుట్టు పట్టుకుని అరుగు మీదకి ఈడ్చుకొచ్చింది. చెంప మీద కొట్టింది, మళ్ళీ కొట్టింది, తల వంచి మొహాన్ని ఆ బొంత మీద వేసి రుద్దింది. నేను అడ్డం వెళితే మోచేత్తో నన్ను తోసేసింది.

“నన్ను పొడు. వాడి తండ్రిని పొడు. మాట రాని వాడి మీదా నీ పగ?” అంది.

పిన్ని మొహం ఎత్తింది. మామ్మ రక్తం ఆవిడ మొహమంతా పూసుకుపోయింది.

“నా బిడ్డకి మాత్రం మాటొచ్చా అత్తయ్యా?” అంది.

మామ్మ చెయ్యి జుట్టులోంచి జారిపోయింది. అంత మనిషీ అరుగు మీద చతికిలబడింది.  తర్వాత మామ్మ నన్ను చన్నీళ్ళు తెమ్మంది. మరక మీద అద్దింది, తగ్గింది గాని పోలేదు. తన చీర అంచు చింపి పిన్ని ముందు పడేసింది. పిన్ని దాన్ని మరక మీద మాసిక వేసి కుట్టింది. కుట్టడం అయ్యాక మామ్మ, ఇది నువ్వే తీసుకెళ్ళి ఇవ్వాలి అంది.

దోనెలో పిన్ని, నేను. వాళ్ళ రేవులో దిగేసరికి ఆ ఇంటి ముసలావిడ రోకలి పట్టుకుని గుమ్మానికి అడ్డం నిలబడింది. నులకమంచం మీద బాలింతరాలు పిల్లాణ్ణి గుండెకి అదుముకుని గోడకి జరిగిపోయింది. పిన్ని వాకిట్లో నేల మీద బొంత పరిచింది. వాళ్ళందరూ చూస్తుండగా మోకాళ్ళ మీద కూర్చుని, చెంప ఆనించి, ఒక మూల నుంచి ఇంకో మూలకి పాకింది. మామ్మ చూసినంత నెమ్మదిగా పాకింది. లేచి, చూశాను, ఏమీ లేదు అంది. రోకలి కిందికి దిగింది. ఆ తల్లి మంచం దిగొచ్చి పిల్లాణ్ణి బొంత మీద పడుకోబెట్టింది. వాడు కాళ్ళు ఆడించాడు. పిన్ని కాసేపు వాడినే చూసి వెనక్కి తిరిగింది. వచ్చేటప్పుడు దోనె తోయకుండా గెడతో నీళ్ళని కొడుతూనే ఉంది, అరచేతులు చిట్లేదాకా కొట్టింది. నేను దోనె అడుగున పడుకుని చెవులు మూసుకున్నాను.

బొంత వల్ల పగ చల్లారిందని చెబితే అబద్ధం. ఆ తర్వాత వాళ్ళు మా దోనె తగలబెట్టారు, మా వాళ్ళు ఒకడి కాలు విరగ్గొట్టారు. చెరువులు పెరిగాయి, తగువులూ పెరిగాయి. మామ్మ చెంప మీద నల్లటి చుక్క మాత్రం చచ్చేదాకా ఉంది. మొన దొరకలేదన్నప్పుడు ఆవిడ ఎందుకు ఊరుకుందా అని నేను పెద్దదాన్నయ్యాక ఆలోచించాను. తెలిసే చెంప ఆనించిందని నా నమ్మకం. కోడలికి తను చేసిందేమిటో ఆవిడకి అప్పటికి అర్థమై ఉండాలి, ఆ పోటు తనే పడాలనుకుని ఉండాలి. అడిగితే ఈనెపుల్ల తీసేది. ఇప్పుడు పురిటికి వెళితే రిబ్బను కట్టిన అట్టపెట్టెలు తీసుకెళుతున్నాం, అందులో దూదిలాంటి దుప్పట్లు, ఎవరి చెయ్యీ తగలనివి. అవి పిల్లల్ని గుచ్చవు, నిజమే. వాటిని ఇచ్చిన వాళ్ళ మనసులో ఏముందో కూడా తెలియదు. దెబ్బలు లేని కాలం మంచిదే, నా దగ్గర నేర్చుకునే ఏ పిల్లనీ నేను వేలితో కూడా ముట్టను. కాని పరాయి పిల్లాడి కోసం తన మొహాన్ని సూది మీద పెట్టే మనిషి నాకు మళ్ళీ కనపడలేదు.

బొంతని ఫోను ముందు పెట్టకుండా బాగుచేశాను. చివికిపోయిన చోట కొత్త టాకాలు వేశాను. తెల్ల మాసిక పీలికలైపోయింది. అది విప్పితే కింద గోధుమరంగు చుక్క అలాగే ఉంది. దాని మీద నా పాతచీర ముక్క ఒకటి పెట్టి మళ్ళీ మూసేశాను.

ఏడుకొండలు మళ్ళీ వచ్చిన రోజున పిన్ని వెనకగదిలోంచి గోడ పట్టుకుని తనే నడిచి వచ్చింది. ఆ గొంతు ఎవరిదో మొదటిరోజే పోల్చుకుందట, తండ్రి గొంతే అంది. బొంత ఇలా తెమ్మంది. మంచం మీద పరిచి, వంగలేక వంగి, చెంప ఆనించింది. ఏడుకొండలు నా వైపు చూశాడు. నేను కల్పించుకోబోతే పిన్ని చెయ్యెత్తి ఆపింది.

“నీకు ఇది కుట్టినప్పుడు ఇందులో సూది మొన పెట్టాను బాబూ. నీ తల దగ్గర. మా అత్తగారి చెంపలో దిగింది కాబట్టి నువ్వు బతికావు. తీసుకెళతావో, ఇక్కడే వదిలేస్తావో నీ ఇష్టం,” అంది. మొహం ఇంకా బొంత మీదే ఉంది.

ఏడుకొండలు చేతిలో మేత సంచి చప్పుడైంది. ఆ భుజాలు చూస్తే నాకు గట్టు గుర్తొచ్చింది, తెలియకుండానే మంచానికీ అతనికీ మధ్యకి జరిగాను. అతను నన్ను పక్కకి జరగమనలేదు. చుట్టూ తిరిగి మంచం అవతలికి వెళ్ళాడు. బొంత కొస ఒకటి మంచం కిందికి జారి వేలాడుతోంది. దాన్ని పైకి తీసి, ముడతలు సర్ది, పిన్ని మొహం దగ్గరగా పరిచాడు.

“ఈ మూల మిగిలిపోయిందండి,” అన్నాడు.

పిన్ని తడుముకుంటూ జరిగి ఆ మూలకి చెంప ఆనించింది.